సమీప ఛాయాచిత్రణము: మాక్రో కటకము కథ

చీమ తలను, మందార కేసరములను, ఆకు ఈనెలను ఫోటో తీసి తరగతిలో చూపవలెనని ప్రకృతిశాస్త్రము బోధించు ఉపాధ్యాయునికి కోరిక కలుగుట సహజము. కాని మామూలు కెమెరాను పువ్వునకు దగ్గరగా జరిపినచో, ఒక హద్దు దాటగానే బొమ్మ మసకబారిపోవును. దీనికి కారణము మన ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకములోనే ఉన్నది.

వస్తువు కటకమునకు దగ్గరగా వచ్చినకొలదిని ప్రతిబింబము కటకమునుండి దూరముగా జరుగును. నాభ్యంతరము 50 మి.మీ. గల కటకమును తీసుకొందము. ఆకాశమందలి చంద్రుని ప్రతిబింబము దానికి 50 మి.మీ. వెనుక ఏర్పడును. వస్తువును నాభ్యంతరమునకు రెండింతల దూరమున, అనగా 100 మి.మీ. వద్ద ఉంచినచో ప్రతిబింబము కూడ 100 మి.మీ. వెనుకనే, వస్తువంత పరిమాణములోనే ఏర్పడును. అనగా కటకము మరి 50 మి.మీ. ముందుకు సాగవలెను. సాధారణ కటకపు గొట్టమునకు అంత సాగుదల లేదు. సమీప ఛాయాచిత్రణ చరిత్ర అంతయు ఈ సాగుదలను సాధించిన కథయే.

ఈ కథలో తొలినాళ్ల వీరుడు ఒక రైతు బిడ్డ. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రములో జెరికో అను గ్రామమున విల్సన్ బెంట్లీ అను యువకుడుండెను. అతడు తోలుతిత్తి కెమెరాకు సూక్ష్మదర్శినిని తగిలించి, 1885 జనవరి 15న మంచు స్ఫటికమును ఫోటో తీసెను. తిత్తి పొడవగుటచే, వెనుకనుండి బొమ్మను చూచుచు ముందున్న మరను త్రిప్పుటకు చేయి అందలేదు. అందుచే దారమును, చక్రములను అమర్చి దూరమునుండియే త్రిప్పుకొనెను. 1931లో మరణించునాటికి అతడు తీసిన స్ఫటికముల చిత్రములు ఐదువేలకు మించినవి.

తిత్తితో సాగుదల లభించెను గాని మరి రెండు చిక్కులు మిగిలినవి. మొదటిది, చూచుట. చిన్న ఫిల్ము కెమెరాలలో కంటికి కనబడు దృశ్యము వేరొక కిటికీనుండి వచ్చును. దగ్గరి వస్తువునకు ఆ కిటికీ చూపునది ఒకటి, కటకము చూచునది మరొకటి. 1936లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున 35 మి.మీ. ఫిల్ముతో పనిచేయు ఎక్సాక్టా కెమెరా వెలువడెను. దానిలో అద్దము సాయమున కటకము చూచినదే కన్నును చూడగలిగెను.

రెండవది, స్పష్టత. దూరపు వస్తువులకై లెక్కకట్టిన కటకము దగ్గరి వస్తువు అంచులను చెదరగొట్టును. 1955లో హైన్జ్ కిల్ఫిట్ వెలువరించిన 40 మి.మీ. మాక్రో-కిలార్ కటకము ఈ మార్గమున పెద్ద అడుగు. తిత్తి, అదనపు గొట్టములు అక్కరలేకుండ, అనంతదూరమునుండి మిక్కిలి సమీపము వరకు కటకపు పట్టీని చేతితో త్రిప్పినంతనే అది సాగెను. దానిలో ఒక రకము సగము పరిమాణమును, మరొక రకము పూర్తి పరిమాణమును ఇచ్చెను.

అదే కాలమున జపానులో మరొక అవసరము తలయెత్తెను. గ్రంథములను సూక్ష్మ ఫిల్ములపైకి ఎక్కించి భద్రపరచుట అప్పటికే ఆరంభమైనది. కాని ఆంగ్లాక్షరములకు చాలిన కటకము జపాను లిపికి చాలలేదు. ఆ లిపిలో ఒక్కొక్క అక్షరమున అనేక గీతలు ఇరుకుగా ఉండును. మన లిపిలోను 'ప'కు 'ఫ'కు భేదము అడుగున నున్న చిన్న గీతయే గదా! ఆ గీత కరగిపోయినచో మాటయే మారిపోవును. ఈ అవసరమే నిప్పన్ కొగాకు సంస్థ చేత 1956లో 5 సెం.మీ. మైక్రో-నిక్కోర్ కటకమును చేయించెను. 1961లో అద్దపు కెమెరాకు సరిపడు 55 మి.మీ. కటకము వచ్చెను. కాగితముపై గీతలకై పుట్టిన ఈ కటకముల వంశమే తరువాత పురుగుల రెక్కలను, పూరేకులను చూపెను.

1985లో మినోల్టా 7000 వచ్చిన పిదప కెమెరాయే ఫోకస్ సరిచేయు పద్ధతి వ్యాపించెను. అయినను చేతితో త్రిప్పు పాత మాక్రో కటకములు మూలపడలేదు. తగిన అడాప్టరుతో నేటి డిజిటల్ కెమెరాలకు వానిలో అనేకమును తగిలించవచ్చును. పెక్కింటి గొట్టముపై 1:2, 1:1 అను నిష్పత్తులు చెక్కబడియుండును. సమీపమున పట్టీ త్రిప్పినచో ఫోకసే గాక బొమ్మ పరిమాణము కూడ మారును. కావున ముందుగా నిష్పత్తిని నిలిపి, పిమ్మట కెమెరానే ముందు వెనుకలకు జరుపవలెను. 1:1 వద్ద 36 మి.మీ. వెడల్పు గల చిత్రఫలకముపై సరిగా 36 మి.మీ. దృశ్యమే పడును. అప్పుడు చిత్రము బొమ్మ మాత్రమే కాదు, కొలత కూడ అగును. విజ్ఞానశాస్త్రమునకు కావలసినది ఇదియే.

ఇక ఎంపిక. "మాక్రో" అను మాటను చూచి మోసపోరాదు. ఆ మాటను నమ్మి నేనొకప్పుడు ఒక జూమ్ కటకమును కొంటిని. అది పావు పరిమాణమునకు మించి ఇవ్వలేదు. ఈగ కన్ను చూడదలచిన విద్యార్థులకు ఈగ మాత్రమే కనబడెను! కాబట్టి మొదట నిష్పత్తి చూడుడు. తరువాత నాభ్యంతరము. తాళపత్రము, నాణెము, ఆకు వంటి కదలని వస్తువులకు 50, 55 మి.మీ. చాలును. సీతాకోకచిలుకకు అది చాలదు. ఏలయన పూర్తి పరిమాణమునకు 50 మి.మీ. కటకము వస్తువునకు 10 సెం.మీ. దూరమున నిలువవలెను, కీటకము ఎగిరిపోవును. 100 మి.మీ. అయినచో 20 సెం.మీ. దొరకును. పాత కటకమును వెలుతురునకు ఎదురుగా పట్టి లోపల బూజు కలదేమో చూచుకొనుట మన సముద్రతీర జిల్లాలవారికి మరీ అవసరము.

రెండు విషయములు మరువరాదు. 1:1 వద్ద ఫలకముపై పడు కాంతి నాలుగవ వంతే, కావున నాలుగింతల సమయము కావలెను. ఎఫ్/8 వద్ద స్పష్టముగా కనబడు లోతు ఇంచుమించు ఒక మిల్లీమీటరే. అందుచే ముక్కాలి పీట అవసరము, ఓర్పు అంతకంటె అవసరము.

బెంట్లీకి మంచు స్ఫటికము, జపాను పండితునికి అక్షరపు గీత. ఏమి చూడవలెనో వారికి ముందే తెలియును. పరికరము ఆ పిమ్మట వచ్చినది. కటకము కొనబోవు విద్యార్థియు దుకాణములో అడుగుటకు ముందు, "నేను చూడదలచినది ఏది, అది ఎంత పెద్దది?" అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.