మస్తగీ

మస్తగీ అనేది గ్రీసు దేశపు కియోస్ ద్వీపంలో, ముఖ్యంగా దాని దక్షిణ భాగంలో, పిస్తా ప్రజాతికి చెందిన ఒక పొట్టి సతతహరిత వృక్షానికి గాట్లు పెట్టి సేకరించే సువాసనగల చెట్టుజిగురు. వృక్షశాస్త్రంలో పిస్టాసియా లెంటిస్కస్ అని పేరున్న ఈ చెట్టు మామిడి, జీడిమామిడి ఉన్న కుటుంబంలోనిదే. తుమ్మబంక నీటిలో కరుగుతుంది, మస్తగీ కరగదు. టర్పెంటైన్‌లో కరిగే స్వభావాన్ని బట్టి దీనిని గుగ్గిలం, సాంబ్రాణి వంటి పదార్థాల తెగలో చేర్చాలి. నోట వేసుకుంటే ముందు పెళుసుగా విరిగి, కాస్త చేదుగా తోచి, ఆపైన నోటి వేడికి మెత్తబడి, ఎంతసేపు నమిలినా అరగని తెల్లటి ముద్దగా మారుతుంది.

ఈ జాతి మధ్యధరా తీరమంతటా పొదలుగా పెరుగుతుంది. అయినా వ్యాపారానికి తగినంత జిగురు శతాబ్దాలుగా కియోస్ దక్షిణాది పల్లెల నుంచే వస్తున్నది. అక్కడి సున్నపు నేల, వానలేని వేసవి ఇందుకు కారణాలని చెబుతారు కాని, అవి సగం కారణాలు మాత్రమే. ఈ జాతిలో ఆడ, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. ఎక్కువ జిగురు ఇచ్చే మగ చెట్లనే తరతరాలుగా ఎంచి, వాటి కొమ్మలనే నాటుతూ వచ్చిన రైతుల ఓపిక మిగిలిన సగం.

క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ తన ఔషధ గ్రంథంలో కియోస్ మస్తగీనే మేలైనదిగా పేర్కొన్నాడు. 251లో ద్వీపంలో ప్రాణత్యాగం చేసిన సెయింట్ ఇసిడోర్ కోసం చెట్లు కన్నీరు కార్చాయన్న ఐతిహ్యం వల్ల జిగురు బొట్లను నేటికీ కన్నీళ్లనే వ్యవహరిస్తారు. చరిత్రలో అసలు మలుపు 1346లో ఇటలీలోని జెనోవా నౌకాదళం ద్వీపాన్ని పట్టుకోవడంతో వచ్చింది. ఆ దండయాత్రకు పెట్టుబడి పెట్టినవారు మావోనా అనే వాటాదారుల సంఘంగా ఏర్పడి, పంటనంతా తామే కొని, ధరను తామే నిర్ణయించి, రెండు శతాబ్దాలకు పైగా గుత్తవ్యాపారం సాగించారు. జిగురు దొంగిలించినవారికి అవయవాలు నరికే శిక్షలు కూడా ఉండేవి. ఇళ్ల వెనుకగోడలే ఊరిగోడగా కలిసిపోయి, సన్నటి సందుల నడుమ బురుజు నిలిచిన పిర్గి, మెస్తా వంటి గ్రామాలు ఆనాటి కట్టడాలే. ఆ గోడలు సముద్రపు దొంగల నుంచి ఊరిని కాచినట్టే, ఊరివారిపై యజమానుల కన్ను పడి ఉండటానికీ పనికివచ్చాయి. ఈ గుత్తకున్న విలువ ఎంతటిదంటే, 1493లో తొలి సముద్రయానం ముగించుకున్న కొలంబస్ తాను కనుగొన్న దీవుల్లో మస్తగీ కూడా దొరుకుతుందని తన లేఖలో హామీ ఇచ్చాడు. ఆ హామీ నెరవేరలేదు. అతడు చూసినవి వేరే చెట్లు.

1566లో ద్వీపం ఉస్మానియా సామ్రాజ్యంలో చేరిన తరువాత కూడా మస్తగీ గ్రామాలకు ప్రత్యేక పాలన ఉండేది. పన్నును జిగురు రూపంలోనే చెల్లించేవారు. 1822లో గ్రీకు తిరుగుబాటుకు ప్రతీకారంగా ద్వీపంలో జరిగిన ఊచకోత నుంచి ఈ గ్రామాలకు మొదట్లో కొంత రక్షణ దొరకడానికి సుల్తాను అంతఃపురానికి అందే ఈ జిగురే కారణమంటారు. 1912లో కియోస్ గ్రీసు అధీనంలోకి వచ్చింది. 1938లో ఏర్పడిన సాగుదారుల సంఘం పంట కొనుగోలును, అమ్మకాన్ని తన చేతిలోకి తీసుకున్నది. అంటే గుత్తాధిపత్యం పోలేదు, అది పండించేవారి పరమైంది.

సాగులో పనంతా చేతితోనే. చెట్టు నాటిన అయిదారేళ్లకు గాని జిగురు ఇవ్వదు. వేసవి ఆరంభంలో చెట్టు కింది నేలను ఊడ్చి, చదును చేసి, దానిపై మెత్తటి సున్నపు మట్టిని జల్లుతారు; రాలే బొట్లకు కింది నేల మురికి అంటకుండా, అవి తేటగా ఆరేందుకు ఈ ఏర్పాటు. జులై, ఆగస్టు నెలల్లో సన్నని మొనగల పనిముట్టుతో బెరడుపై చిన్న చిన్న గాట్లు పెడతారు. గాటు లోతైతే చెట్టు చెడుతుంది. బొట్లు గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోగా వాన కురిస్తే పంటకు నష్టమే. ఏరుకొచ్చిన బొట్లను జల్లించి, కడిగి, ఆరబెట్టిన తరువాత శీతాకాలమంతా ఆడవాళ్లు చిన్న చాకులతో ఒక్కొక్క బొట్టుకు అంటుకున్న మట్టిని, బెరడు తునకలను గీకి తీస్తారు. ఇంత శ్రమకు ఒక చెట్టు ఏటా ఇచ్చేది సగటున 200 గ్రాములకు లోపే. ఈ సాగు విజ్ఞానాన్ని 2014లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2012లో, కార్చిచ్చు ఎన్నో తోటలను దహించింది.

దంతశుద్ధికి, నోటి దుర్వాసన పోవడానికి నమలడం దీని అతి పురాతనమైన వాడుక. గ్రీకులు పండుగ రొట్టెల్లోను, మద్యంలోను, తుర్కీవారు సాగే ఐస్‌క్రీములోను, అరబ్బులు పాల మిఠాయిల్లోను దీనిని చేర్చారు. ఐరోపా చిత్రకారులు టర్పెంటైన్‌లో కరిగించి తైలవర్ణ చిత్రాలకు మెరుగుపూతగా వాడారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత పసుపెక్కడంతో మ్యూజియంలలో దానిని తొలగించడమే ఒక పని అయింది. కడుపుపూతకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాను ఇది చంపుతుందని 1998లో ప్రయోగశాల ఫలితం ఒకటి వెలువడింది గాని, రోగులపై జరిగిన పరీక్షలు అంతటి నమ్మకం కలిగించలేదు. ఐరోపా ఔషధ సంస్థ స్వల్ప అజీర్ణానికి దీని వాడుకను సంప్రదాయం ఆధారంగానే అంగీకరించింది.

మనదేశానికి ఇది యునానీ వైద్యంతో వచ్చింది. హైదరాబాదు హకీములు ఎరిగిన జవారిష్ మస్తగీ అనే జీర్ణకారి లేహ్యంలో ప్రధాన ద్రవ్యం రూమీ మస్తగీ అని పిలిచే ఈ జిగురే. ఖరీదు ఎక్కువ కావడంతో బజారులో దీనికి బదులుగా పిస్తా ప్రజాతిలోనే వేరొక చెట్టు జిగురు బొంబాయి మస్తగీ పేరుతో చలామణి అయింది. చూపుకు దీనిని పోలిన సాండరాక్ అనే మరో జిగురు కూడా ఉన్నది. వీటిలో సాండరాక్‌ను గుర్తుపట్టడం తేలిక: పంటికింద వేస్తే అది పొడి అవుతుంది గాని ముద్ద కట్టదు.