క్యాటరింగ్ ఒప్పందం

క్యాటరింగ్ ఒప్పందం అనగా పెళ్ళి, ఉపనయనం, గృహప్రవేశం, సమావేశం వంటి సందర్భాలలో అతిథులకు భోజనం సమకూర్చడానికి, కార్యం జరిపించే గృహస్థుకూ (లేదా సంస్థకూ) క్యాటరింగ్ గుత్తేదారుకూ మధ్య కుదిరే ఒడంబడిక. వడ్డించవలసిన పదార్థాలు, అతిథుల సంఖ్య, ధర, చెల్లింపు, ఉభయుల బాధ్యతలు ఇందులోని ప్రధానాంశాలు. భారతదేశంలో ఇటువంటి ఒడంబడికలకు భారత ఒప్పందాల చట్టం, 1872 వర్తిస్తుంది. వంట చాలకపోతే గృహస్థుకు పదిమందిలో పరువు పోతుంది. వండినది మిగిలిపోతే గుత్తేదారుకు పెట్టుబడి పోతుంది. అందువలన భోజనాల లెక్కను ఎవరు, ఎలా తేల్చాలో ముందుగా వ్రాసుకోవడం ఈ ఒప్పందానికి ప్రాణం వంటిది.

రకాలు

తెలుగునాట ప్రధానంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి.

* కూలి పద్ధతి: వంటమేస్త్రి సరకుల చీటీ వ్రాసి ఇస్తాడు. బియ్యం, పప్పులు, నూనె, కూరగాయలు గృహస్థే కొంటాడు. వంటవారికి కూలి మాత్రమే చెల్లిస్తారు. మిగిలిన సరకు గృహస్థుదే. పదార్థం చాలనప్పుడు తప్పు చీటీదా, వంటదా అన్న ప్రశ్న తలెత్తుతుంది. కాబట్టి ఎంతమందికి వ్రాసిన చీటీయో దానిమీదనే పేర్కొని, నకలును ఒప్పందానికి జతచేయడం మంచిది.
* ప్లేటు పద్ధతి: సరకులు, వంట, వడ్డన అన్నీ గుత్తేదారువే. ప్లేటుకు లేదా విస్తరికి ఇంత అని ధర నిర్ణయిస్తారు. లాభనష్టాలు సంఖ్యపై ఆధారపడతాయి గనుక ఈ పద్ధతిలో వ్రాతపూర్వక ఒప్పందం మరింత అవసరం.

ఒప్పందంలో ఉండవలసిన అంశాలు

* ఉభయుల పేర్లు, చిరునామాలు, గుత్తేదారు ఆహార లైసెన్సు లేదా రిజిస్ట్రేషన్ సంఖ్య.
* తేదీ, వారం, వడ్డన మొదలయ్యే గంట. తెల్లవారుజామున 2 గంటల ముహూర్తాన్ని పంచాంగం ప్రకారం ముందురోజు రాత్రిగానే లెక్కిస్తారు. క్యాలెండరులో మాత్రం అది మరుసటి తేదీ అవుతుంది. ఈ తేడా వలన పొరపాటు జరగకుండా "తెల్లవారితే ఫలానా వారం" అని కూడా వ్రాయడం ఉత్తమం.
* ప్రతి పూటకు పదార్థాల పట్టిక. "రెండు స్వీట్లు" అని గాక బూరెలు, జిలేబి అని పేర్లతో వ్రాయాలి. మాంసాహారమైతే తలకు ఎన్ని గ్రాములో, నూనె, నెయ్యి ఏ రకమో పేర్కొనాలి.
* వడ్డన విధానం (బంతి భోజనమా, బఫేనా), వడ్డించేవారి సంఖ్య.
* నీరు, విద్యుత్తు, గ్యాసు, పాత్రలు, బల్లలు, ఎంగిలి విస్తళ్ళ తరలింపు ఎవరి బాధ్యతో. గృహావసరాల 14.2 కిలోల గ్యాసు సిలిండరును వ్యాపారానికి వాడరాదు. వాణిజ్య సిలిండరు 19 కిలోలు ఉంటుంది. 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధించబడ్డాయి.
* పన్ను ధరలో కలిసి ఉన్నదా, వేరుగా చెల్లించాలా అన్నది.

భోజనాల లెక్క

ప్లేటు పద్ధతిలో మూడు సంఖ్యలు వ్రాసుకోవాలి: హామీ సంఖ్య (ఎంత తక్కువమంది వచ్చినా చెల్లించవలసినది), అదనపు సంఖ్య (గుత్తేదారు సిద్ధంగా ఉంచవలసినది), హామీ సంఖ్యను మార్చుకోగల చివరి గడువు.

ఉదాహరణకు హామీ 500 ప్లేట్లు, అదనం 10 శాతం, ప్లేటు ధర రూ. 400 అనుకుంటే, 430 మందే వచ్చినా రూ. 2,00,000 చెల్లించాలి. 540 మంది వస్తే రూ. 2,16,000 అవుతుంది. ఆ పైన 5 శాతం జీఎస్టీ వేరుగా ఉంటే రూ. 10,800 కలిపి మొత్తం రూ. 2,26,800. బయానాగా రూ. 50,000 ముందే ఇచ్చి ఉంటే మిగిలిన బాకీ రూ. 1,76,800. 550 దాటి వచ్చినవారికి భోజనం చాలకపోతే గుత్తేదారును తప్పుపట్టడానికి వీలుండదు. 520 వద్దనే పదార్థాలు అయిపోతే బాధ్యత అతనిదే.

బంతి భోజనంలో వేసిన విస్తళ్ళను లెక్కించవచ్చు. బఫేలో కార్యానికి ముందు ప్లేట్లను ఉభయుల సమక్షంలో లెక్కపెట్టి, చివరకు మిగిలినవాటిని తీసివేస్తారు. ఒకే అతిథి రెండవ ప్లేటు తీసుకోవడం, పసిపిల్లల ప్లేట్లు, మేళగాళ్ళు, డ్రైవర్లు, వడ్డించేవారి భోజనాలు లెక్కలోనికి వస్తాయా రావా అన్నది ముందే తేల్చుకోవాలి. ఇరువైపులా ఒక్కొక్కరిని నియమించి, వడ్డన ముగిసిన వెంటనే సంఖ్యపై సంతకాలు తీసుకుంటే మరునాటి వాదనకు తావుండదు.

బయానా, రద్దు

బయానాకూ, ధరలో భాగంగా ముందుగా చెల్లించే వాయిదాకూ తేడా ఉంది. ఢిల్లీలోని ఒక స్థిరాస్తి అమ్మకపు వివాదంలో 1963లో సుప్రీంకోర్టు, బయానాగా ఇచ్చిన రూ. 1,000 అట్టిపెట్టుకోవడానికి అమ్మకందారును అనుమతించింది గాని, వాయిదాగా పుచ్చుకున్న రూ. 24,000 జప్తును అంగీకరించలేదు. చట్టంలోని 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో ఎంత జరిమానా వ్రాసుకున్నా, ఆ మొత్తానికి మించకుండా సహేతుకమైన పరిహారం మాత్రమే లభిస్తుంది. కాబట్టి ఇచ్చిన సొమ్ములో ఏది బయానాయో, ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత తిరిగి వస్తుందో స్పష్టంగా వ్రాయాలి.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు, తరువాత పెళ్ళిళ్ళకు 50 మంది అతిథుల పరిమితి పెట్టినప్పుడు ఈ నిబంధనల అవసరం అందరికీ తెలిసివచ్చింది. ఎవరి తప్పూ లేకుండా కార్యం అసాధ్యమైతే 56వ సెక్షను ప్రకారం ఒప్పందం చెల్లదు. అప్పటికి పొందిన ప్రయోజనాన్ని తిరిగి ఇవ్వాలని 65వ సెక్షను చెబుతుంది. వాయిదా పడిన తేదీకి అదే ధర వర్తిస్తుందా అన్నది ఒప్పందంలో వ్రాసుకోవాలి.

ఆహార భద్రత

ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006 ప్రకారం గుత్తేదారుకు వ్యాపార పరిమాణాన్ని బట్టి రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని ఉండాలి. దాని సంఖ్య 14 అంకెలు కలిగి ఉంటుంది. వండిన ఆహారాన్ని సాధారణ ఉష్ణోగ్రతలో 2 గంటలకు మించి ఉంచరాదని, వడ్డించేవరకు 60 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ వేడిగా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. అందుచేత వంట పూర్తయ్యే సమయాన్ని, వడ్డన సమయాన్ని కూడా వ్రాసుకోవడం మేలు. ముహూర్తం వలన వడ్డన ఆలస్యమైతే ఏ వంటకాన్ని చివరగా వండాలో ముందే అనుకోవాలి.

సురక్షితం కాని ఆహారం వలన మరణం సంభవిస్తే కనీసం రూ. 5 లక్షలు, తీవ్రమైన హాని కలిగితే రూ. 3 లక్షల వరకు, ఇతర హానికి రూ. 1 లక్ష వరకు పరిహారం చెల్లించాలని ఈ చట్టంలోని 65వ సెక్షను నిర్దేశిస్తుంది. మిగిలిన ఆహారం ఎవరికి చెందుతుందో, అన్నదానానికి ఇచ్చే పక్షంలో ఎన్ని గంటలలోగా తరలించాలో కూడా పేర్కొనవచ్చు. 14 ఏళ్ళలోపు పిల్లలను వంటకు, వడ్డనకు పనిలో పెట్టుకోవడం చట్టవిరుద్ధం.

తగాదాల పరిష్కారం

నోటిమాట ఒప్పందం కూడా చట్టరీత్యా చెల్లుతుంది, కాని దానిని రుజువు చేయడం కష్టం. తగిన స్టాంపు లేని ఒప్పంద పత్రాన్ని, సుంకం, అపరాధ రుసుము చెల్లించనిదే సాక్ష్యంగా స్వీకరించరాదని భారత స్టాంపుల చట్టం, 1899 చెబుతుంది. రసీదులు, పదార్థాల పట్టిక, లెక్కపై తీసుకున్న సంతకాలు, ఫోను సందేశాలు భద్రపరచుకోవాలి.

సొంత కార్యానికి సేవ పొందిన గృహస్థు, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చు. తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలుంది. ఇందుకు గడువు వివాద కారణం ఏర్పడిన నాటి నుండి 2 సంవత్సరాలు. బాకీ రాని గుత్తేదారు సివిల్ కోర్టును ఆశ్రయించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* భారత ఒప్పందాల చట్టం, 1872
* వినియోగదారుల రక్షణ చట్టం, 2019
* తెలుగువారి వంటకాలు