నర్సింగ్ పాఠ్యపుస్తకాన్ని ఎవరు సరిచూడాలి? కొంటా నుంచి చూస్తే కనిపించే లోపాలు

ఛత్తీస్‌గఢ్ పటంలో దక్షిణాన చిట్టచివర కనిపించే ఊరు కొంటా. సుక్మా జిల్లాలో, శబరి నది ఒడ్డున, ఇటు ఆంధ్ర, అటు ఒడిశా సరిహద్దులను ఆనుకుని ఉంటుంది. జగ్దల్‌పూర్ నుంచి వచ్చే జాతీయ రహదారి కొంటా దాటాక చింతూరు మీదుగా భద్రాచలం వైపు సాగుతుంది. ఊళ్లో హిందీ, తెలుగు వినిపిస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో దొర్లా, కోయ, గోండి మాట్లాడతారు. రోగం ముదిరితే ఇక్కడివాళ్లు సుక్మా వైపే కాదు, భద్రాచలం వైపు కూడా చూస్తారు. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు ఎందరో గుత్తికోయలుగా తెలుగు రాష్ట్రాల అడవుల్లో స్థిరపడ్డారు. కాబట్టి కొంటాలో ఒక నర్సు చూసే రోగాలనే చర్లలోనో చింతూరులోనో మరో నర్సు కూడా చూస్తుంది.

ఆ నర్సు చదువుకున్న పుస్తకం మాత్రం పెద్ద ఆసుపత్రిని మనసులో పెట్టుకుని రాసింది. అందులో డ్యూటీ డాక్టరు ఎప్పుడూ పక్క గదిలోనే ఉంటారు. ఫ్రిజ్ ఆగదు. పరీక్ష రాసిన గంటలో ల్యాబ్ రిపోర్టు వస్తుంది. ‘వెంటనే వైద్యుడికి తెలపాలి’ అన్న వాక్యంతో పాఠం ముగుస్తుంది. వైద్యుడు రెండు గంటల దూరంలో ఉంటే ఆ రెండు గంటలూ ఏం చేయాలో చెప్పే పేజీ అరుదు.

సిలబస్ ఒకరిది, పుస్తకం ఇంకొకరిది

మన దేశంలో నర్సింగ్ సిలబస్‌ను ఇప్పటిదాకా నిర్ణయించింది 1947 చట్టం కింద ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. బీఎస్సీ నర్సింగ్‌ను సెమిస్టర్, క్రెడిట్ పద్ధతికి మార్చిన కొత్త పాఠ్యప్రణాళిక 2021-22 విద్యా సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఏం చదవాలో కౌన్సిల్ చెబుతుంది. ఏ పుస్తకంలో చదవాలో, ఆ పుస్తకంలో ఉన్నది నిజమో కాదో మాత్రం చెప్పదు. ఆ పని ప్రచురణకర్తలకు, కాలేజీలకు, అంతిమంగా పరీక్షల మార్కెట్‌కు వదిలేశారు.

దాని పర్యవసానం 2022 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. ‘టెక్స్ట్‌బుక్ ఆఫ్ సోషియాలజీ ఫర్ నర్సెస్’ అనే పుస్తకంలో వరకట్నం వల్ల లాభాలంటూ ఒక జాబితా ఉన్న పేజీ సామాజిక మాధ్యమాల్లో తిరిగింది. అందంగా లేని అమ్మాయిలకు కట్నం ఇచ్చి పెళ్లి చేయవచ్చన్నది అందులో ఒక లాభం! ఎంపీ ప్రియాంకా చతుర్వేది కేంద్ర విద్యాశాఖ మంత్రికి లేఖ రాశారు. నర్సింగ్ కౌన్సిల్ ఆ రాతలను ఖండించింది. తాము సిలబస్ మాత్రమే ఇస్తామని, ఏ రచయితనూ ఏ ప్రచురణనూ ఆమోదించబోమని వివరణ ఇచ్చింది. అది వివరణే అయినా, అసలు జబ్బును బయటపెట్టింది కూడా అదే. అట్ట మీద కౌన్సిల్ సిలబస్ పేరు చూసి విద్యార్థిని కొన్న పుస్తకానికి కౌన్సిల్ బాధ్యురాలు కాదు. మరి ఎవరు?

కట్నం పేజీ కంటికి కనిపించే తప్పు కాబట్టి ఎవరో ఒకరు ఫొటో తీసి పెట్టారు. మందు మోతాదులో, ప్రథమ చికిత్సలో ఉండే తప్పు అలా కనిపించదు. అది పరీక్షలో మార్కులు కూడా తెచ్చిపెడుతుంది.

2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం పాత చట్టం స్థానంలో వచ్చింది. విద్యకు ఒక బోర్డు, కాలేజీల తనిఖీకీ రేటింగ్‌కూ మరో బోర్డు అందులో ఉన్నాయి. గదులు, మంచాలు, అధ్యాపకుల లెక్కతో పాటు పుస్తకాన్ని కూడా తనిఖీ చేసే అవకాశం ఈ ఏర్పాటులో ఉంది. కోర్టులు ఇదివరకే ఆ దారి చూపాయి. అత్యాచార బాధితులకు ‘రెండు వేళ్ల పరీక్ష’ చేయరాదని 2022 అక్టోబర్ 31న మరోసారి తేల్చిచెప్పిన సుప్రీంకోర్టు, వైద్య కళాశాలల పాఠ్యప్రణాళికను కూడా ఆ దృష్టితో సమీక్షించమంది. వైద్య విద్యకు చెప్పిన మాట నర్సింగ్‌కు ఎందుకు వర్తించకూడదు?

పాము కాటు పేజీ తెరిస్తే

ఏ ప్రాథమిక నర్సింగ్ పుస్తకాన్నైనా పరీక్షించాలంటే ముందు పాము కాటు పేజీ తెరవాలి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. బస్తర్ లాంటి చోట అది రోజువారీ భయం.

పాత పుస్తకాలు కాటు పైన గట్టిగా తాడు కట్టమన్నాయి, గాటు పెట్టి రక్తం పిండమన్నాయి. ఈ రెండూ హాని చేస్తాయని వైద్యం ఎప్పుడో తేల్చింది. ఇప్పుడు చెప్పేది వేరు: ధైర్యం చెప్పాలి, కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టు వేయాలి, నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. అయితే ఒక్క వాక్యం కొట్టేసి కొత్తది రాస్తే సరిపోదు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. వాపు ఉండదు, నొప్పీ పెద్దగా ఉండదు. కాటు గుర్తే కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేస్తారు. తర్వాత కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, చివరికి ఊపిరి అందదు. రక్తం గడ్డకట్టే సమయం చూసే 20 నిమిషాల పరీక్ష రక్తపింజరి విషాన్ని పట్టిస్తుంది కానీ కట్లపామును పట్టించదు. ఎందుకంటే ఆ విషం నరాల మీద పనిచేస్తుంది. పరీక్ష బాగుందని రోగిని ఇంటికి పంపితే ఏమవుతుందో పుస్తకంలో రాసి ఉండాలి. వడ్డె దగ్గరికి వెళ్లి ఆలస్యంగా వచ్చిన కుటుంబాన్ని తిట్టకుండా ఎలా మాట్లాడాలో కూడా ఉండాలి. మన పాఠాల్లో ‘మూఢనమ్మకాలు’ అని ఒక్క మాటతో దాన్ని దాటేస్తున్నారు.

మలేరియాదీ ఇదే కథ. ఫాల్సిపారం మలేరియాకు క్లోరోక్విన్ కాదు, ఆర్టిమిసినిన్ కలిసిన మందుల జోడీ ఇవ్వాలని జాతీయ మందుల విధానం 2010లోనే చెప్పింది. గర్భం మొదటి మూడు నెలల్లో క్వినైన్ ఇవ్వాలన్నది చాలాకాలంగా ఉన్న పాఠం. ఆ నెలల్లో కూడా ఆర్టిమెథర్-లుమెఫాంట్రిన్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబర్‌లో సిఫారసు చేసింది. ప్రైమాక్విన్ మాత్రం గర్భిణికి ఇవ్వకూడదన్న నియమం అలాగే ఉంది. ఒకే పేజీలో ఒకటి మారింది, ఇంకొకటి మారలేదు. విద్యార్థిని ఇది ఎలా తెలుసుకోవాలి?

ఇంకో విషయం బస్తరే నేర్పింది. 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో జ్వరం ఉన్నా లేకపోయినా ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్ష చేశారు. పాజిటివ్ వచ్చినవారిలో సగానికి పైగా ఏ లక్షణమూ లేనివాళ్లు! మలేరియా అంటే చలి, జ్వరం, చెమట అని మూడు దశలుగా బట్టీపట్టిన పాఠానికి ఇది పెద్ద సవరణ. జ్వరం కోసం ఎదురుచూస్తే ఊళ్లో మలేరియా పోదు. ఈ అనుభవం పాఠంగా మారాలి.

గ్రాములు, ఆంప్యూల్స్, చుక్కలు

గుర్రపువాతం, అంటే కాన్పు ముందో తర్వాతో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్. దీనికి మెగ్నీషియం సల్ఫేట్ ప్రాణం నిలిపే మందు. పెద్దాసుపత్రికి పంపే ముందు ఏఎన్ఎం మొదటి మోతాదు 10 గ్రాములు, ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా కండకు ఇవ్వాలి. పుస్తకం ఇక్కడ ఆగిపోతుంది. నర్సు చేతిలో ఉన్నది గ్రాములు కాదు, 50 శాతం ద్రావణం ఉన్న 2 మిల్లీలీటర్ల ఆంప్యూల్స్. ఒక్కో దానిలో 1 గ్రాము. అంటే 10 ఆంప్యూల్స్ విరగ్గొట్టాలి, ఒక్కో వైపు 10 మిల్లీలీటర్లు వేయాలి. అర్ధరాత్రి, ఫిట్స్ వస్తున్న తల్లి ఎదుట ఈ లెక్క మొదటిసారి వేయమనడం అన్యాయం. లెక్క పుస్తకంలోనే, ఆంప్యూల్ బొమ్మతో సహా ఉండాలి.

సెలైన్ చుక్కల లెక్క కూడా అంతే. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్‌తో నిమిషానికి దాదాపు 42 చుక్కలు, 15 చుక్కల సెట్‌తో 31. ఏ సెట్‌కో చెప్పకుండా సూత్రం మాత్రమే ఇచ్చే పుస్తకం సగం పాఠమే చెప్పినట్టు. సెట్ కవరు మీద ఆ సంఖ్య రాసి ఉంటుంది. ముందు అది చూడమని నేర్పాలి.

కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. కరెంటు లేని ఉపకేంద్రంలో అది కుదరదు. అలాంటప్పుడు నోటి ద్వారా ఇచ్చే మిసోప్రోస్టాల్ 600 మైక్రోగ్రాముల గురించి అదే పేజీలో చెప్పాలి కానీ, ఫార్మకాలజీ పుస్తకంలో ఎక్కడో కాదు. కాన్పు గది పాఠంలో మరో చిక్కు కూడా ఉంది. నొప్పుల చురుకు దశ గర్భాశయ ముఖం 4 సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు మొదలవుతుందన్నది పాత పార్టోగ్రాఫ్. 5 సెంటీమీటర్లన్నది 2018 తర్వాతి ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రెండూ పక్కపక్కనే చలామణిలో ఉన్నప్పుడు, ఏది ఎందుకు మారిందో చెప్పడమే పుస్తకం పని.

జరాయువా, మాయా?

తెలుగు పుస్తకాలదీ వేరే జబ్బు. బీఎస్సీ అంతా ఇంగ్లిష్‌లో సాగుతుంది. తెలుగులోకి వచ్చిన పాఠాలు సంస్కృతంలోకి జారిపోతాయి. ప్లాసెంటాను మన జంతుశాస్త్రం ‘జరాయువు’ అంటుంది, తల్లులు ‘మాయ’ అంటారు. ‘నాభిరజ్జువు’ అని చదివిన అమ్మాయి ‘బొడ్డుతాడు’ అని అడగాలి. ఇంగ్లిష్ రాని విద్యార్థినికి ఇది రెండో పరాయి భాష. కొంటాలో దీనికి హిందీ కూడా తోడవుతుంది. 2022 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్ హిందీలో ఎంబీబీఎస్ పుస్తకాలు విడుదల చేసింది. 2024 సెప్టెంబర్‌లో ఛత్తీస్‌గఢ్ కూడా హిందీ ఎంబీబీఎస్ ప్రకటించింది. మంచిదే. కానీ దొర్లా మాట్లాడే తల్లి దగ్గరికి హిందీ కూడా నేరుగా చేరదు. కోయ, గోండి తెలుగుకు దగ్గరి చుట్టాలే, ఒకే ద్రావిడ ఉపశాఖవి. అయినా నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, రక్తం ఎంత పోయింది అన్న ఓ 50 ప్రశ్నలు ఆ భాషల్లో అనుబంధంగా ఇవ్వడానికి ఏ ప్రచురణకర్తకూ తోచలేదంటే, అది మార్కెట్ చూపు.

బొమ్మల సంగతి కూడా చెప్పాలి. పెదవులు నీలమయ్యాయి, చర్మం పాలిపోయింది, ఎర్రటి దద్దుర్లు వచ్చాయి – ఇవన్నీ తెల్లటి చర్మం మీద తీసిన ఫొటోలకు రాసిన మాటలు. లండన్‌లోని సెయింట్ జార్జ్ వైద్య విద్యార్థి మలోన్ ముక్వెండే 2020లో సహచరులతో కలిసి ‘మైండ్ ది గ్యాప్’ అనే చిన్న పుస్తకం తెచ్చి, నల్లని, గోధుమ రంగు చర్మం మీద రోగ లక్షణాలు ఎలా కనిపిస్తాయో చూపించాడు. సికిల్ సెల్, మలేరియా రెండూ రక్తాన్ని హరించే బస్తర్‌లో, రక్తహీనతను కంటి రెప్ప లోపల, నాలుక మీద, అరచేతిలో వెతకాలని బొమ్మతో చూపడం అలంకారం కాదు.

చదివితే గుర్తుండడం వేరు

రంగు పెన్నుతో గీతలు గీసి పదేపదే చదవడం మన హాస్టళ్లలో కనిపించే పద్ధతి. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో, ఒకసారి చదివి ఆ తర్వాత పుస్తకం మూసి గుర్తు చేసుకున్నవారు వారం తర్వాత 56 శాతం చెప్పగలిగారు. రెండుసార్లు చదివినవారు 42 శాతం మాత్రమే. అధ్యాయం చివర ‘నిర్వచనం రాయండి’ బదులు ఒక రోగిని నిలబెట్టి ‘మొదటి పది నిమిషాల్లో ఏం చేస్తావు?’ అని అడిగితే పుస్తకమే ఆ పని చేయిస్తుంది.

సమీక్ష ఎలా ఉండాలన్నదానికి తెలుగువారికి తెలిసిన నమూనా ఒకటుంది. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండ పల్లెల్లో పనిచేస్తూ 1973లో స్పానిష్‌లో తెచ్చిన పుస్తకాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’గా అందించింది. నిపుణులతో పాటు దాన్ని వాడే పల్లెవాళ్లే దానికి అసలు పరీక్షకులు. 1991లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆడవాళ్ల ఆరోగ్యాన్ని ఆడవాళ్ల ప్రశ్నల నుంచే మొదలుపెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం, తర్వాత దేశమంతా వచ్చిన ‘ఆశా’ కార్యకర్తలకు ముందే, పెద్దగా చదువుకోని మహిళల కోసం శిక్షణ పుస్తకాలు తయారుచేసింది. కాలేజీ పుస్తకాల వాళ్లు వీటి వైపు చూడరు. చిన్న పుస్తకాలని చిన్నచూపు కావచ్చు.

నర్సింగ్ పుస్తకానికి ఇదే పద్ధతి వాడవచ్చు. అధ్యాయాన్ని ఒక నిపుణురాలు చదవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పదేళ్లు చేసిన నర్సు చదవాలి. ఆ తర్వాత రెండో సంవత్సరం విద్యార్థినులు కొందరికి ఆ పేజీ ఒక్కటే ఇచ్చి, బొమ్మ మీద ఆ పని చేయమనాలి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడ వాక్యం మార్చాలి. మోతాదు, ప్రథమ చికిత్స ఉన్న ప్రతి పేజీ అడుగున ‘చివరిసారి సరిచూసిన నెల’ ముద్రించాలి. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 157 కొత్త నర్సింగ్ కాలేజీలకు 1,570 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అందులో ఒక కాలేజీకి అయ్యే ఖర్చుతో ఇలాంటి సమీక్ష ఏళ్ల తరబడి నడపవచ్చు.

అంతవరకు ఆగాల్సిన పనీ లేదు. లైబ్రరీలో పదేళ్ల నాటి ప్రతులు ఉన్న కాలేజీ, ఏటా జూన్‌లో ఒక పూట కేటాయించి, అధ్యాపకులూ చివరి సంవత్సరం విద్యార్థినులూ కూర్చుని జాతీయ మార్గదర్శకాలతో ఆ పేజీలను పోల్చవచ్చు. పాము కాటు పేజీలో తాడు కట్టమన్న వాక్యం ఉంటే దాని మీద సరైన మాట, తేదీ రాసిన కాగితం అంటించవచ్చు. కావలసింది జిగురు, కత్తెర.