ఒకే సైన్యం, రెండు జేబు చాకులు: స్విస్ సైనికుని చాకు 1961 నుండి 2008 వరకు

చరిత్ర పాఠం అనగానే మీకు శాసనాలు, కోటలు, సంధి పత్రాలు, యుద్ధాలు గుర్తుకు వస్తాయి. ఈనాటి పాఠంలో వాటన్నింటికన్నా చిన్నదైన ఒక ఆధారాన్ని పరిశీలిద్దాం. అది అరచేతిలో ఇమిడే మడత చాకు. స్విట్జర్లాండ్ సైన్యం తన సైనికుల కోసం 1961లో ఒక నమూనా చాకును ప్రవేశపెట్టింది. సుమారు అర్ధ శతాబ్దం తరువాత, 2008లో, దాని స్థానంలో కొత్త నమూనాను స్వీకరించింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగానే ఎవరికైనా తోచే ప్రశ్న ఒకటే: రెండింటిలో ఏది మంచిది? దుకాణంలో నిలబడినవారికి ఆ ప్రశ్న చాలు. చరిత్ర విద్యార్థి మాత్రం మరొక ప్రశ్న వేయాలి: ఈ వస్తువును ఎవరి కోసం, ఏ అవసరానికి, ఎవరి చేత చేయించారు? వస్తువు మారినప్పుడు ఆ జవాబులలో ఏది మారింది?

మొదటి చాకు పుట్టుక

రెండు నమూనాలను పోల్చే ముందు వాటి పూర్వీకుని గురించి తెలుసుకోవాలి. 1889లో స్విస్ సైన్యం ష్మిట్-రూబిన్ అనే కొత్త రైఫిలును స్వీకరించింది. దానిని విప్పి శుభ్రం చేయాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. అదే కాలంలో సైనికులకు డబ్బాలలో నిలవచేసిన ఆహారం కూడా అందుతోంది. ఆ డబ్బా మూత కోయడానికి మరొక పనిముట్టు కావాలి. ఈ రెండు పనులూ చేయగల ఒకే మడత చాకును ప్రతి సైనికునికీ ఇవ్వాలని నిర్ణయించారు. 1890 నాటి ఆ నమూనాలో నాలుగు పనిముట్లు ఉన్నాయి. అవి కోసే అలుగు, తోలుకు రంధ్రం చేసే ఆరె, డబ్బా తెరిచే కొక్కెం, స్క్రూడ్రైవర్. పిడికి ఇరువైపులా చెక్క. మూసినప్పుడు పొడవు 100 మిల్లీమీటర్లు, బరువు 144 గ్రాములు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించండి. ఇది స్విస్ సైన్యపు చాకే అయినా, 1891లో అందిన మొదటి చాకులు స్విట్జర్లాండ్‌లో తయారు కాలేదు. అన్ని వేల చాకులను ఒకేసారి చేయగల కార్ఖానా ఆనాడు ఆ దేశంలో లేదు. కత్తుల తయారీకి ప్రసిద్ధి చెందిన జర్మనీలోని జోలింగెన్ పట్టణం నుండి వాటిని తెప్పించుకున్నారు. ష్విట్స్ ప్రాంతంలోని ఇబాఖ్ గ్రామంలో 1884 నుండి చాకులు చేస్తున్న కార్ల్ ఎల్సెనర్ దీనిని సహించలేకపోయాడు. తోటి పనివారిని కూడగట్టి సంఘం పెట్టి, అదే సంవత్సరం స్వదేశంలో చేసిన చాకులను సైన్యానికి అందించాడు. కాని జోలింగెన్‌లో యంత్రాలతో, తక్కువ ఖర్చుతో చేసే సరుకుతో పోటీ పడడం కష్టమైంది. తోటివారు తప్పుకున్నారు. ఎల్సెనర్ అప్పులపాలయ్యాడు. 1897లో రెండవ చిన్న అలుగు, బిరడా తీసే మెలిక కలిగిన తేలికైన అధికారుల చాకును రూపొందించిన తరువాత అతని వ్యాపారం నిలదొక్కుకుంది. సైన్యం ఆ చాకును అధికారికంగా పంచలేదు. అధికారులు తమ డబ్బుతో కొనుక్కున్నారు.

1908లో సైన్యం ఆర్డరును రెండుగా విభజించారు. సగం జర్మన్ మాట్లాడే ష్విట్స్‌లోని ఎల్సెనర్ సంస్థకు, సగం ఫ్రెంచి మాట్లాడే జురా ప్రాంతంలో డెలెమాన్ పట్టణంలోని వెంగర్ సంస్థకు దక్కింది. ఒక సామాన్యమైన చాకు కొనుగోలులో కూడా భాషా ప్రాంతాల మధ్య సమతూకం కనిపిస్తున్నదని గమనించండి. ఎల్సెనర్ సంస్థ తన యజమాని తల్లి విక్టోరియా పేరును 1909లో తన గుర్తుగా స్వీకరించింది. 1921లో, తుప్పు పట్టని ఉక్కుకు వాడుకలో ఉన్న 'ఇనాక్స్' అనే పదాన్ని దానికి చేర్చి విక్టోరినాక్స్ అయింది.

1961 నమూనా: తేలికపడిన చాకు

1890 నుండి 1961 వరకు జరిగిన మార్పులను ఒకే దిశలో సాగిన ప్రయాణంగా చూడవచ్చు. చాకు బరువు తగ్గుతూ వచ్చింది. 1951 నమూనాలో తుప్పు పట్టని ఉక్కు వచ్చింది, బరువు 90 గ్రాములకు దిగింది. 1961 నమూనాలో పిడి పక్కలను అల్యూమినియంతో చేశారు. చేతిలో జారిపోకుండా వాటిపై చిన్న చిన్న గళ్ళు అచ్చొత్తారు. పొడవు 93 మిల్లీమీటర్లు, బరువు 72 గ్రాములు. అంటే మొదటి చాకు బరువులో సరిగ్గా సగం.

పనిముట్లు మాత్రం పెద్దగా పెరగలేదు. అలుగు, ఆరె, చిన్న స్క్రూడ్రైవర్ కొన కలిగిన డబ్బా ఓపెనర్, పెద్ద స్క్రూడ్రైవర్ కొన కలిగిన సీసా ఓపెనర్. ఈ సీసా ఓపెనర్ పక్కనే ఉన్న చిన్న గాడితో విద్యుత్ తీగపై తొడుగు ఒలుచుకోవచ్చు. ఒక్కొక్క ముక్కకు రెండేసి పనులు అప్పగించి, చాకును పలుచగా ఉంచారు. ష్మిట్-రూబిన్ రైఫిలు సైన్యం నుండి వెళ్ళిపోయినా స్క్రూడ్రైవర్ నిలిచిపోయింది. తనను పుట్టించిన అవసరం తీరిపోయాక కూడా ఆ పనిముట్టు వేరే పనులు వెతుక్కుంది. వస్తువుల చరిత్రలో ఇది తరచు జరిగే విషయమే.

ఈ చాకు ఎవరి కోసం? స్విట్జర్లాండ్ సైన్యంలో అత్యధికులు పూర్తికాలపు సిపాయిలు కారు. చట్టం ప్రకారం కొంతకాలం శిక్షణ పొంది, మళ్ళీ తమ తమ వృత్తులకు వెళ్ళే పౌరులు. రైతు, గడియారం పనివాడు, బడిపంతులు అందరూ సైనికులే. చాకు వారితోపాటు ఇంటికి వెళ్ళేది. పొలంలోనూ, వంటింటిలోనూ పనిచేసేది. అలుగు మొదట్లో దానిని ఇచ్చిన సంవత్సరపు చివరి రెండు అంకెలు ముద్రించి ఉండేవి. అందువల్ల అది ఒక వ్యక్తి యువకుడైన సంవత్సరానికి గుర్తుగా కూడా నిలిచేది.

2008 నమూనా: పెద్దదైన చాకు

ఇప్పుడు కొత్త చాకును చేతిలోకి తీసుకుందాం. పొడవు 111 మిల్లీమీటర్లు. బరువు సుమారు 131 గ్రాములు. అర్ధ శతాబ్దానికి పైగా తేలికపడుతూ వచ్చిన చాకు ఒక్కసారిగా మళ్ళీ బరువెక్కింది. అల్యూమినియం స్థానంలో పట్టు జారని మెత్తని భాగాలు కలిగిన ఆకుపచ్చ, నలుపు రంగుల ప్లాస్టిక్ పిడి వచ్చింది. కొత్తగా చెక్క కోసే రంపం, నక్షత్రపు కొన స్క్రూడ్రైవర్ చేరాయి.

అసలైన మార్పు అలుగులో ఉంది. పాత చాకు తెరవాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేతితో పిడి పట్టుకుని, రెండవ చేతి గోటిని అలుగుపైని గంటులో పెట్టి లాగాలి. కొత్త అలుగుకు పెద్ద రంధ్రం ఉంది. బొటనవేలు అందులో ఆనించి, చేతి తొడుగు వేసుకున్నా ఒక చేతితోనే తెరవవచ్చు. తాడు పట్టుకుని వేలాడుతున్నవానికి, గాయపడినవాని పట్టీ కోస్తున్నవానికి రెండవ చేయి ఖాళీగా ఉండదు కదా! తాళ్ళు, పట్టీలు తెగేందుకు అంచులో ఎక్కువ భాగం రంపపు పళ్ళవలె ఉంటుంది.

రెండవ తేడా తాళం. పాత చాకులో అలుగును తెరిచి ఉంచేది వెనుకనున్న స్ప్రింగు ఒత్తిడి మాత్రమే. వీపువైపు నుండి బలంగా నొక్కితే అలుగు మూసుకుని వేళ్ళు తెగవచ్చు. కొత్త చాకులో అలుగు పూర్తిగా తెరుచుకోగానే లోపలి లోహపు రేకు పక్కకు జరిగి దాని మొదలుకు అడ్డుగా నిలుస్తుంది. ఆ రేకును వేలితో తప్పించే వరకు అలుగు మూసుకోదు.

అయితే ప్రతి లాభానికీ ఒక మూల్యం ఉంటుంది. పాత చాకు చొక్కా జేబులో ఉన్నదో లేదో తెలియనంత పలుచన. కొత్తదానిని బరువుగా మోయాలి. రంపపు పళ్ళ అంచుతో తాడు తెగినంత సులువుగా రొట్టె ముక్కపై వెన్న రాయలేము, పెన్సిలు చెక్కలేము. దానిని ఇంటి దగ్గర సానపట్టడం కూడా కష్టమే. ఇంకొక చిక్కు ఉంది. పొరుగున ఉన్న జర్మనీలో 2008 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చిన చట్ట సవరణ, ఒక చేతితో తెరుచుకుని తాళం పడే చాకులను తగిన కారణం లేకుండా బహిరంగ ప్రదేశాలలో వెంట ఉంచుకోవడాన్ని నిషేధించింది. సైనికునికి భద్రత ఇచ్చే లక్షణాలే సరిహద్దు దాటగానే అనుమానాస్పదమయ్యాయి. పాత చాకు పౌరునిదీ, సైనికునిదీ కూడా. కొత్త చాకు ముందుగా సైనికునిది.

2007 వివాదం

ఈ రెండు నమూనాల మధ్య ఒక వివాదం కూడా ఉంది. 2001 సెప్టెంబరు దాడుల తరువాత విమానాలలో చాకులను నిషేధించారు. విమానాశ్రయ దుకాణాలలో అమ్మకాలు ఆగిపోయాయి. విక్టోరినాక్స్ చాకుల అమ్మకాలు సుమారు 30 శాతం పడిపోయాయి. సంస్థ కార్మికులను తొలగించకుండా, కొందరిని తాత్కాలికంగా ఇతర సంస్థలలో పనికి పంపి నెట్టుకొచ్చింది. 2005లో కష్టాలలో ఉన్న వెంగర్‌ను కూడా తానే కొనివేసింది. దాదాపు శతాబ్దం పాటు పోటీదారులుగా ఉన్నవారు ఒకే ఇంటివారయ్యారు.

2007లో సైన్యం కొత్త చాకు కోసం టెండరు పిలిచింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ప్రభుత్వ కొనుగోళ్ళ ఒప్పందం ప్రకారం అందులో విదేశీ సంస్థలకు కూడా అవకాశం ఇవ్వాలి. వెంటనే దేశంలో కలకలం రేగింది. స్విస్ సైనికుని చాకు చైనాలో తయారై రావాలా అని పత్రికలు అడిగాయి. సంతకాల ఉద్యమం నడిచింది. చివరకు పోటీలో విక్టోరినాక్స్ గెలిచింది. 75,000 చాకుల ఆర్డరు పొంది, 2008 చివరలో అందించడం ప్రారంభించింది.

ఆనాడు చాలామంది మరచిన విషయం మీకు ఇప్పుడు తెలుసు. మొట్టమొదటి స్విస్ చాకులు విదేశం నుండే వచ్చాయి. కనుక 'మన చాకు మొదటి నుండీ మన గడ్డపైనే పుట్టింది' అనే భావన చరిత్ర కాదు, తరువాత ఏర్పడిన నమ్మకం. అలాగని ఆ ఆందోళన అర్థం లేనిదని తేల్చివేయకూడదు. 1891లో ఎల్సెనర్‌ను కలవరపెట్టిన ప్రశ్నే 2007లో తిరిగి వచ్చింది: చౌకగా దొరికేచోట కొనాలా, లేక మన ఊరి కార్ఖానాకు పని ఇవ్వాలా? ఏ దేశానికైనా, మన దేశానికైనా, ఇది నేటికీ తేలని ప్రశ్న.

ముగింపు

విద్యార్థులారా! కొత్త నమూనా వచ్చినంత మాత్రాన పాతది తప్పు అయిపోదు. 1961 చాకు 'తక్కువ బరువుతో ఎన్ని పనులు?' అనే ప్రశ్నకు జవాబు. 2008 చాకు 'ఒక చేతితో, వేలు తెగకుండా ఎలా?' అనే ప్రశ్నకు జవాబు. ప్రశ్న మారింది కనుక జవాబు మారింది. ఆ మార్పులో దొరికినదానితోపాటు పోయినదానిని కూడా లెక్కించడం చరిత్రకారుని పని.

మీరు చేయవలసినది

1. మీ ఇంటిలో ఒకే పనికి వాడిన రెండు తరాల పనిముట్లను ఎంచుకోండి. ఉదాహరణకు కత్తిపీట, కూరగాయల చాకు. ఒకదానికి నేలపై కూర్చోవాలి, రెండవదానికి నిలబడే గట్టు కావాలి. ఇంటిలో ఏ మార్పు వల్ల పనిముట్టు మారిందో పెద్దవారిని అడిగి రాయండి.

2. 1891, 2007 సంవత్సరాలలో సైన్యపు చాకుల కొనుగోలులో తలెత్తిన సమస్యలను పోల్చి, పోలికలను, తేడాలను వివరించండి.