దక్కను సీసం ఎక్కడిది?
1891లో బెంగళూరు యశ్వంతపురంలో, మళ్ళీ 1965లో హెచ్‌ఏఎల్ విమానాశ్రయం దగ్గర రోమన్ వెండి నాణేలు కుప్పలుగా బయటపడ్డాయి. బెంగళూరుకు వాయవ్యంగా, చిత్రదుర్గాన్ని ఆనుకుని ఉన్న చంద్రవల్లిలో 1947లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. అక్కడ రోమన్ వెండితో పాటు మహారఠులనే స్థానిక పాలకుల పేర్లున్న సీసపు నాణేలూ ఉన్నాయి. వెండి పరాయిదని దాని మీది చక్రవర్తి ముఖమే చెబుతుంది. సీసం కూడా అదే ఓడలో వచ్చిందని చాలాకాలంగా ఒక వాదన ఉంది. తూర్పు దక్కను విషయంలో ఈ వాదన నిలవదని నా అభిప్రాయం. శాతవాహనుల, ఇక్ష్వాకుల చిల్లర నాణేలకు కావలసిన లోహం మన కొండల్లోనే ఉంది.

పరాయి సీసమనే వారికి బలమైన సాక్షి రోమన్ రచయిత ప్లినీ. భారతదేశంలో రాగీ లేదు, సీసమూ లేదు, అక్కడివాళ్ళు ముత్యాలూ రత్నాలూ ఇచ్చి వాటిని కొనుక్కుంటారు అని క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఆయన రాశాడు. అయితే ఆయనకు రెండు వేల ఏళ్ళకు పైగా ముందే రాజస్థాన్‌లోని ఖేత్రీ ప్రాంతంలో రాగి తీస్తున్నారు. రాగి విషయంలో ఇంత తప్పిన సాక్షి మాటను సీసం విషయంలో మాత్రం ఎందుకు నమ్మాలి? ఇక ‘పెరిప్లస్’ అనే గ్రీకు నౌకావర్తక గ్రంథం రాసిన అజ్ఞాత నావికుడిది వేరే సంగతి. ఆయన వర్తకం తెలిసినవాడు. బరుకచ్ఛం, ముచిరి రేవుల్లో దిగే సరుకుల్లో రాగి, తగరంతో పాటు సీసాన్నీ లెక్కవేశాడు. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. కానీ రెండూ పడమటి తీరపు రేవులే. ఓడలో అడుగుబరువుగా చవకగా వచ్చే సీసం అక్కడ అమ్ముడుపోయినంత మాత్రాన, కృష్ణా తీరంలో గని లేదని తేలదు.

గని ఉంది. పల్నాడులో బండ్లమోటు దగ్గర అగ్నిగుండాల ఖనిజ ప్రాంతంలో హిందుస్తాన్ జింక్ సంస్థ మొన్నమొన్నటి దాకా సీసం తవ్వింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే నాగార్జునకొండ, అదే సీమలోది. అక్కడి నాణేలు సీసపువే. కడప జిల్లా జంగంరాజుపల్లెలోనూ సీసపు ఖనిజం ఉంది. గెలీనా అనే ఆ ఖనిజం నల్లగా, వెండిలా తళతళలాడుతుంది, చేతికి బరువుగా తగులుతుంది. తెలిసిన కన్ను దాన్ని దాటిపోదు. దాన్ని కట్టెల మంటలో కాల్చి గంధకం పోగొడితే, బొగ్గు వేడిలోనే సీసం కారుతుంది. ఆ లోహం 327 డిగ్రీలకే కరుగుతుంది కనుక ఇనుప కొలిమి నడిపినవాళ్ళకు అదేమంత పని కాదు. పోత పోయడమూ అంతే సులువు.

పల్నాడు, కడప గనులు అంత పాతవని రుజువేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తర్వాతి కాలపు తవ్వకం ముందుదాన్ని చెరిపేస్తుంది. అయినా రాజస్థాన్‌లోని దరీబా సీసపు గనుల లోపల మిగిలిన కలపకు రేడియోకార్బన్ పరీక్ష చేయగా, కొన్ని తవ్వకాలు క్రీ.పూ. 1000కి ముందువని తేలింది. దేశంలో ఈ విద్య అంత పాతదన్నమాట. అర్థశాస్త్రం గనుల అధ్యక్షుడికి సీసపు ఖనిజం గుర్తులు చెబుతుంది.

అసలు తీర్పు నాణెంలోనే దాగి ఉంది. సీసపు ఐసోటోపుల నిష్పత్తి ఖనిజం పుట్టిన కాలాన్ని బట్టి మారుతుంది. కడప శిలలు వంద కోట్ల ఏళ్ళకు పైబడినవి, రోమ్‌కు సీసమిచ్చిన స్పెయిన్ ఖనిజాలు వాటికంటే చాలా చిన్నవి. రెండూ ఒకేలా కనబడే అవకాశం తక్కువ. బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో పనిచేసిన శారదా శ్రీనివాసన్, వందకు పైగా దక్షిణాది లోహ విగ్రహాల మీద ఈ పద్ధతిని ప్రయోగించి 1999లో ఫలితాలు ప్రచురించారు. పాత నాణేలు కరిగించి కొత్తవి పోస్తే రెండు దేశాల సీసం కలిసిపోదా అంటే, కలుస్తుంది. అప్పుడు నిష్పత్తులు రెండు మూలాలకూ మధ్య పడతాయి, స్థానిక వాటా మాత్రం మాయం కాదు. అందుకే చంద్రవల్లి నాణేన్నీ నాగార్జునకొండ నాణేన్నీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది పడమటి రేవుల దారికి దగ్గర, రెండోది గనికి దగ్గర.