విశ్వవిద్యాలయం నుంచి పారిశ్రామికవాడ దాకా: ఉప్పల్, నాచారం ప్రాంతాల చారిత్రక అనుభవం

విశ్వవిద్యాలయం వస్తే ఆ ప్రాంతం బాగుపడుతుందన్న అభిప్రాయం బలంగా ఉంది. అయితే ఆ మేలు ఎంత కాలానికి, ఏ మార్గంలో, ఎవరికి చేరుతుందన్నది విడిగా పరిశీలించవలసిన విషయం. హైదరాబాదు తూర్పు భాగపు చరిత్ర ఇందుకు ఉపకరిస్తుంది.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో తరగతులు మొదలయ్యాయి. అనంతరం అడిక్‌మెట్‌లో విశాలమైన ప్రాంగణం రూపొందింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. తొలి దశలో స్థానికులకు దక్కినవి నిర్మాణపు కూలి, వసతిగృహాలకు సరుకుల సరఫరా, అద్దెగదుల రాబడి వంటివి. ఇది వినియోగం మీద ఆధారపడిన ఆదాయమే తప్ప ఉత్పత్తి కాదు.

రెండవ దశలో పరిశోధనాలయాలు వచ్చాయి. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన ప్రయోగశాల 1956లో సి.ఎస్.ఐ.ఆర్. పరిధిలోకి చేరి, తర్వాత భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయింది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961లో, సి.సి.ఎం.బి. 1977లో ఆరంభమయ్యాయి. ఈ విధంగా తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ వైపు ఒక విజ్ఞానవీథి ఏర్పడింది. దాని పక్కనే ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడలు పెరిగాయి.

అయితే ఇరుగుపొరుగుగా ఉన్నంత మాత్రాన విజ్ఞానం పరిశ్రమగా మారదు. రసాయన సాంకేతిక సంస్థ సంచాలకులుగా పనిచేసిన ఎ.వి. రామారావు 1995లో ఆవ్రా లేబొరేటరీస్‌ను ఈ నగరంలోనే స్థాపించారు. ఇక్కడ వారధి మనిషి, అతని అనుభవం. శాంతా బయోటెక్నిక్స్ తన పరిశోధనను 1993లో ఉస్మానియాలోనే ఆరంభించి, సి.సి.ఎం.బి.లో కొనసాగించింది. 1997లో హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. దాని కర్మాగారం మాత్రం మేడ్చల్‌లో వెలిసింది. ఆలోచన పుట్టిన చోటే ఉపాధి పుట్టాలన్న నియమం లేదని ఈ ఉదాహరణ చెబుతోంది.

ఆర్ట్స్ కళాశాల ప్రారంభం నుంచి ఈ సంస్థల దాకా అర్ధశతాబ్దానికి పైగా గడిచింది. ఈలోగా భూమి ఉన్నవారికి విలువ పెరిగింది. అద్దెకున్న కార్మికునికి అదే విలువ భారమైంది. కనుక కొత్త విశ్వవిద్యాలయాల ఫలితాన్ని భూముల ధరలతో కాక, సమీప బస్తీల పిల్లల్లో ఎందరు ఆ తరగతి గదుల్లోకి, ప్రయోగశాలల్లోకి చేరారన్న లెక్కతో కొలవడం సముచితం.