నైట్లీ

కొందరి కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ నక్క నారింజ రంగులో కాక నీలం, ఊదా కలిసిన రంగులో కనిపిస్తుంది. అది నైట్లీ, అంటే ఫైర్‌ఫాక్స్ పరీక్షా రూపం. ప్రోగ్రామర్లు పగలంతా మార్చిన కోడ్‌ను రాత్రిపూట యంత్రమే కంపైల్ చేసి, తెల్లారేసరికి ఆ రోజు రూపాన్ని, అంటే బిల్డ్‌ను, పరీక్షకు సిద్ధం చేసేది. పేరు అలా పుట్టింది.

అంతకుముందు దీని పేరు మైన్‌ఫీల్డ్, అంటే మందుపాతరలు పాతిన నేల. గుర్తు కూడా బాంబే! ‘వచ్చి పరీక్షించండి బాబూ’ అని పిలుస్తూ గుమ్మానికి బాంబు వేలాడదీయడం నిజాయితీయే గానీ, గడప తొక్కేదెవరు? 2011లో ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా ఆరు వారాలకో విడుదల పద్ధతికి మారాక నైట్లీ పేరు స్థిరపడింది.

నైట్లీని ఊరికే వాడుకున్నా మొజిల్లాకు సాయమే. నిన్న బాగున్న తెలుగు ఒత్తు ఇవాళ అక్షరం నుంచి విడిపోయి పక్కకు జరిగిందనుకోండి, చెడింది ఏ రోజు బిల్డ్‌లోనో పట్టుకోవచ్చు. మోజ్‌రిగ్రెషన్ అనే పనిముట్టు పాత నైట్లీలను ఒక్కొక్కటే తెరిచి చూపిస్తుంది. మనం ‘బాగుంది’, ‘బాగోలేదు’ అని చెబితే చాలు, వెతకాల్సిన రోజులు ప్రతిసారీ సగమవుతాయి. 64 రోజుల బిల్డ్‌లయితే ఆరు ప్రయత్నాల్లో తేలిపోతుంది. కోడ్ ముక్క రానివాళ్లూ చేయగలరు. నాకు తెలిసి సాయం చేయడానికి మొదటిసారి వచ్చేవాళ్లకు ఇంతకన్నా మంచి పని లేదు.

ఇప్పుడు నైట్లీ రోజుకు రెండుసార్లు తయారవుతోంది, పేరులో మాత్రం రాత్రే మిగిలింది. అయినా అమెరికాలో రాత్రయితే హైదరాబాద్‌లో ఎలాగూ పగలేగా!